గడ్డి పొగ పట్టించిన విస్కీ

మా ఇంట్లో విస్కీ కలిపేది నేనే. కైకలూరులో మా వీధి ఆడవాళ్లు ఈ సంగతి గురించి చాలాకాలం చెవులు కొరుక్కున్నారు. మొగుడికి మందు కలిపిచ్చే మహాతల్లి అని నా వెనకాల అనుకునేవారు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, నా నోరు అలాంటిది. ఇప్పుడు వాళ్లకి సంజాయిషీ ఇచ్చుకోవాలని కాదు. వాళ్లలో సగంమంది అదే వీధిలో అదే బాధ పడ్డారు. నాలాగ కుంపటి ముందు కూర్చోలేదు, అంతే తేడా.

మా ఆయనది కొల్లేరు మధ్యలో లంక ఊరు. నడక వచ్చిన దగ్గర్నుంచీ పడవ మీద తిరిగిన మనిషి. నాది తాడేపల్లిగూడెం. మా నాన్న ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. ఈ సంబంధం కుదిరినప్పుడు మా అమ్మ, ఆ చేపల కంపులో ఎలా వేగుతావే అని ముక్కు చీదింది. వేగాను. సరస్సులో మాకు చేపల చెరువులు ఉండేవి, కైకలూరు బజారులో చేపల మేత దుకాణం ఉండేది. ఆయన మాట నెమ్మది. బస్తాలు మోసే వాళ్లని కూడా అండీ అనే పిలిచేవారు. చేపలు పట్టి లారీకెక్కించిన రోజున మాత్రం స్నేహితులతో కూర్చుని తాగి వచ్చేవారు. ఆ రోజు కాస్త ఎక్కువగా నవ్వేవారు. దాన్ని నేనెప్పుడూ తాగుడు అనుకోలేదు.

రెండువేల ఆరులో సర్కారు వాళ్లు కొల్లేరులో చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుని ఆక్రమించేశారన్నారు. ఆ మాటలో నిజం లేదని నేననను. కానీ గట్టు తెగి మా చేపలన్నీ నీళ్లతో పాటు సరస్సులోకి వెళ్లిపోతుంటే ఆయన అక్కడే నిలబడి చూశారు. ఇంటికొచ్చి అన్నం తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందన్నారు. మామూలుగానే ఉన్నారు కదా అని నేను నిశ్చింతగా అంట్లు తోముకున్నాను. మర్నాడు పొద్దున్న దుకాణం తలుపు తియ్యక ముందే వైను షాపుకి వెళ్లారు.

ఆ తర్వాత అదే దారి. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు రిక్షాలో తెచ్చి దింపేవారు. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని తల కొట్టుకునేది. నేను అరిచేదాన్ని, తిట్టేదాన్ని, కాళ్లు పట్టుకునేదాన్ని. మూడూ ఒకే పూటలో చేసిన రోజులున్నాయి. ఆఖరికి అత్తా కోడళ్లం ఒక మాట మీదికొచ్చి ఆయన్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాం. మొదటి రోజు తిట్టారు. మర్నాడు బతిమాలారు. ఆ మర్నాడు గోడ మీద పరిగె చేపలు పాకుతున్నాయి, వల తెండి అన్నారు. గొళ్లెం తీసి చూద్దును కదా, నేల మీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నారు, నోట్లోంచి నురగ. నా ప్రాణం అక్కడే పోయింది.

ఏలూరు తీసుకెళ్లాం. కొంచెం తేరుకున్నాక డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "లివరు బాగా పాడైందమ్మా. ఇలాగే తాగితే ఎక్కువ కాలం ఉండరు. అలాగని ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే, ఇప్పుడు చూశారుగా, ఫిట్సుతోనే పోతారు. ఇక్కడ చేర్చండి, మేం దగ్గరుండి మాన్పిస్తాం."

తాగితే పోతారు, మానితే పోతారు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు అనుకున్నానో. మూడో దారి ఆసుపత్రిలో చేరడం. ఆయన ససేమిరా అన్నారు. మంచానికి కట్టేస్తారని ఎవరో చెప్పారట. నిద్ర లేవగానే సెలైను సూది ఆయనే పీక్కుని, లుంగీ సర్దుకుని, బస్టాండుకి నడిచారు. వెనకాల నేను, చేతిలో ఆయన చెప్పులు. డాక్టరుగారు నాతో, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి గానీ ఇంట్లో మీ వల్ల అయ్యే పని కాదమ్మా అన్నారు. నా వల్ల కాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే నేను ఇదంతా నెత్తినేసుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అమ్మకి కంటి ఆపరేషనైతే తాడేపల్లిగూడెం వెళ్లాను. మా తమ్ముడూ వచ్చాడు. వాడు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో బారు దగ్గర పని చేసేవాడు. ఇంట్లో మాత్రం క్యాషియరు అని చెప్పుకునేవాళ్లం. పెరట్లో వాడి దగ్గర కూర్చుని ఏడ్చాను.

అంతా విని వాడు అన్నాడు. "అక్కా, మా దగ్గర పాతకాలపు డ్రింకొకటుంటాదే. కాస్త విస్కీ, పంచదార, రెండు చేదు చుక్కలు, కమలా తొక్క, పెద్ద ఐసు గడ్డ. అంతే. అది పుచ్చుకున్నోడు ఒక్క గ్లాసు పెట్టుకుని గంట కూచుంటాడు. గుటగుటా తాగడానికి అవ్వదు. ఈ మధ్య ఒక దొర వచ్చి దానికి పొగ పెట్టడం నేర్పేడు. చెక్క పొగ గ్లాసులోకి పట్టి, దాంట్లో పోసిస్తాం. వాసనకే సగం తాగినట్టుంటాది."

"సగం తాగినట్టుంటే, సగమే పొయ్యొచ్చు కదరా," అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "బావగారి మీద ప్రయోగం చేస్తావేంటే," అన్నాడు.

చేశాను. ఆయనతో ఒప్పందం పెట్టుకున్నాను. వైను షాపు బంద్. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి స్నానం చేసి అరుగు మీద కూర్చుంటే నా చేతి గ్లాసు. రాకపోతే అదీ లేదు. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, సరేనే అన్నారు. పగలు వణుకొస్తే వేసుకోమని ఏలూరు డాక్టరుగారిచ్చిన మాత్రలు దుకాణంలో పెట్టాను.

మా తమ్ముడు చెప్పినవి కైకలూరులో ఎక్కడ దొరుకుతాయి. చేదు చుక్కలకి వేపపువ్వు నేతిలో వేయించి, వేణ్ణీళ్లలో నానబెట్టి వడగట్టాను. పంచదార బదులు బెల్లం పాకం. కమలాలు లేని రోజుల్లో నారింజ తొక్క గీరి వేసేదాన్ని. ఐసుకి మాత్రం మా ఊళ్లో లోటేముంది, చేపల లారీల కోసం ఐసు ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. ఒక దిమ్మ తెప్పించి, సుత్తితో పగలగొట్టి, అందమైన గడ్డ ఒకటి ఏరి గ్లాసులో వేశాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఇందులో బొచ్చె ముక్కేమైనా వేసేవేంటే," అన్నారు.

చేపల బుట్టల్లోకి పోయే ఐసు మనుషులు తాగేది కాదని మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఐసంటే ఆ దిమ్మే అని పదిహేనేళ్లుగా చూస్తున్న కళ్లకి ఆ క్షణంలో తట్టలేదు. ఆ పొద్దు మా అత్తగారు కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

పొగ ఇంకో తలనొప్పి. ముందు కుంపటిలో నిప్పుల మీద కాస్త సాంబ్రాణి వేసి గ్లాసు బోర్లించాను. పొగ అంటే నాకు తెలిసింది అదే కదా. ఆయన వాసన చూసి, పురిటి మంచం మీద కూర్చోబెట్టేవే నన్ను అన్నారు. నిజమే, తలంటు పోసిన బాలింత తల వాసనే వచ్చింది గ్లాసంతా. తర్వాత కొబ్బరి పీచు వేశాను. ఆయనకి దగ్గు తెర పట్టుకుంది, నాకు కళ్లు వాచాయి. మామిడి చెక్క పేళ్లు పర్వాలేదన్నారు గానీ, గ్లాసు రెండు గుక్కల్లో అయిపోయేది. నాకు కావలసింది అది కాదు. ఆ గ్లాసు ఎక్కువసేపు ఆయన చేతిలో ఉండాలి. ఉన్నంతసేపూ ఆయన నా ఎదురుగా ఉంటారు.

గడ్డి సంగతి చెప్పింది మా అత్తగారు. "అమ్మాయ్, ఆడు చిన్నప్పుడు కొరమీను తెచ్చి, గడ్డి మంటలో కాల్చుకుని తినేవోడు. నూనె పెట్టి వేపిస్తే మొహం తిప్పుకునేవోడు," అంది. అని ఊరుకోలేదు, గేదె ముందున్న ఎండుగడ్డి ఒక చేరెడు పీక్కొచ్చి నా ఒళ్లో పడేసింది. నాలుగు పరకలు కుంపటిలో వేసి, మంట లేవకుండా ఊది, తెల్లటి పొగ చిక్కగా వచ్చాక గ్లాసు దాని మీద బోర్లించాను. పొగ గాజు లోపల సుడి తిరుగుతుంటే చప్పున తిప్పి, కలిపి పెట్టుకున్నది పోసి, పైన పళ్లెం మూత పెట్టి ఆయన చేతికిచ్చాను.

ఆయన మూత తీశారు. తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత చిన్న గుక్క తాగి మాట్లాడ్డం మొదలుపెట్టారు. వాళ్ల నాన్న చేపలకి మావు వేసే చోటు, నీళ్లు తగ్గినప్పుడు లంక చుట్టూ లేచే బురద వాసన, పడవలో అన్నం వండుకోవడం. గట్లు తెగిన తర్వాత ఆయన నోట కొల్లేరు మాట రావడం అదే మొదటిసారి. పూర్తిగా చీకటి పడేదాకా ఆ గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. లోపలికి వెళ్లి నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను, సంతోషానికే.

ఆ మర్నాటి నుంచి నేను తగ్గించడం మొదలుపెట్టాను. ఆయనకి చెప్పలేదు. విస్కీ కాస్త తగ్గించి, ఆ మేరకి పాలు లేని టీ డికాక్షన్ పోసేదాన్ని. రంగు అదే, వేపపువ్వు చేదు అదే, గడ్డి పొగ అదే. ఏ రోజుకారోజు ఆయన మొదటి గుక్క వేసే దాకా నాకు ఊపిరాడేది కాదు. బాగుందే అనేవారు. ఆ మాట వినగానే మర్నాడు ఇంకో చుక్క తగ్గించే ధైర్యం వచ్చేది. కొన్నాళ్లకి సీసా మూత తియ్యాల్సిన పనే లేకపోయింది. మొత్తం డికాక్షనే.

అప్పుడు నా నడక చూసి తీరాలి. కూరల బజారులో మెడ నిలువుగా పెట్టుకుని నడిచాను. మా తమ్ముడికి ఫోను చేసి, ఒరేయ్ నీ దొర కంటే నేనే గొప్పదాన్నిరా అన్నాను. ఏలూరు వెళ్లి ఆ డాక్టరుగారి బల్ల ముందు నిలబడి, నా వల్ల కాదన్నారుగా అని అడగాలని ఎంత సరదాపడ్డానో. ఆయన అన్నం సరిగ్గా తినడం లేదని తెలుసు. కళ్లు పచ్చగా ఉన్నాయని, సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయని తెలుసు. మానేసిన కొత్తల్లో నీరసం ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోకపోతే మరి ఎలా బతకను.

పాదాలు చెప్పుల్లో పట్టని రోజు వచ్చాక ఏలూరు వెళ్లాం. రక్తం తీసుకున్నారు, పొట్ట స్కానింగ్ చేశారు. కాగితాలు వచ్చాక డాక్టరుగారు వాటిని చాలాసేపు చూశారు.

"ఆగలేదమ్మా," అన్నారు. "ఇంకా పెరిగింది. ఈయన తాగుతూనే ఉన్నారు."

"మీ మిషను తప్పు చూపించిందండి," అన్నాను. "నా చేత్తో కలుపుతున్నానండి నేను. అందులో విస్కీ చుక్క లేదండి. టీ డికాక్షనండి అది. వేపపువ్వు నీళ్లండి, గడ్డి పొగండి. అది తాగితే లివరు పాడవుద్దాండీ."

అనేశాక గుర్తొచ్చింది, ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నారని. ఇన్నాళ్లూ దాచింది నా నోటితోనే బయట పెట్టేశాను. మెల్లగా తల తిప్పి చూశాను. ఆయన వాచిన పాదాల వైపు చూసుకుంటున్నారు.

"టీయేనండి," అన్నారు డాక్టరుగారితో. "ఆవిడ చెప్పేది నిజమేనండి. చాలా రోజుల్నించి టీయే."

"మీకు తెలుసా?"

"తాగేవోడికి తెలీదాండీ."

"మరి ఎక్కడ తాగుతున్నారు?"

"దుకాణంలోనండి. మధ్యాహ్నం పూట."

డాక్టరుగారు కాగితాలు మడిచి నాకిచ్చారు. సోమవారం మంచం ఖాళీ అవుతుంది, చేరకపోతే ఇక నా దగ్గరకి తీసుకురావద్దు అన్నారు. సోమవారం దాకా మాత్రం తాగుడు ఒక్కసారిగా ఆపొద్దని, పూటకి విస్కీ ఎంత ఇవ్వాలో చెప్పి, మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ గ్లాసు నా చేతిలో పెట్టి, ఇంతకి మించి వద్దన్నారు.

కైకలూరు బస్సులో కిటికీ పక్కన ఆయన, ఇవతల నేను. బస్సు కొల్లేరు మధ్య రోడ్డు మీదికి దిగింది. రెండు వైపులా నీళ్లు కనబడ్డాక నేనే అడిగాను.

"నాకు మాటిచ్చి అక్కడ ఎందుకు తాగేరండీ?"

"ఆరింటికి ఇంటికి రావాలి కదే," అన్నారు. "నువ్వు గ్లాసిచ్చేటప్పుడు చేతులు వణక్కూడదు. వణికితే నీకు తెలిసిపోద్ది. ఆ మాత్రలకి వణుకు ఆగేది కాదు. అందుకని మధ్యాహ్నమే పుచ్చుకుని, కాస్త పడుకుని, మొహం కడుక్కుని వచ్చేవాణ్ణి."

"మరి నా టీ నీళ్లెందుకు తాగేరు?"

కండక్టరు వచ్చి వెళ్లాడు. "కళ్లల్లో నీళ్లు కారతా గడ్డి ఊదుతావు," అన్నారు. "అది పారబోస్తానేంటే."

ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన భుజం మీద పడి ఏడవాలనీ అనిపించింది. బస్సు నిండా జనం. చేతిలో ఉన్న టిక్కెట్టుని ముక్కలు ముక్కలుగా చింపుతూ కూర్చున్నాను. నేను ఇంట్లో తగ్గించినదంతా ఆయన దుకాణంలో పూడ్చుకున్నారు. నేను పెట్టిన ఆరు గంటల వేళే ఆయన్ని మధ్యాహ్నం తాగించింది. మా ఇద్దరిలో ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఒకరినొకరు కాపాడుకుంటూ ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. ఇంత చేతకాని మొగుడూ పెళ్లాలు ఏ ఊళ్లోనైనా ఉంటారా అనిపించింది.

బజారులో దిగాక ఆయన ఇంటివైపు కాకుండా దుకాణం వైపు తిరిగారు. వెనకాలే వెళ్లాను. తాళం తీసి, అడుగు వరసలో ఉన్న మేత బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి సీసా తీశారు. సగం ఉంది. తవుడు దులిపి నాకిచ్చారు.

"పట్టుకుపో. నా దగ్గరుంటే సోమవారం దాకా ఆగలేను."

"చేరతారా మరి?"

"కట్టేస్తే నువ్వక్కడే ఉంటావా?"

"మంచం కిందే పడుకుంటానండి."

ఆయన తలూపారు. ఆ సీసా దాచుకోవడానికి నా దగ్గర సంచి కూడా లేదు. ఎండలో, బజారు మధ్యలోంచి, చేత్తో అలాగే పట్టుకుని నడిచాను. మా వీధి మొత్తం చూసింది. చూడనిమ్మని ఊరుకున్నాను.

సాయంత్రానికి వణుకు మొదలైంది. పెదాలు కూడా వణుకుతున్నాయి. ఆరింటికి అరుగు మీద కాదు, కుంపటి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. నేను ఆయన కళ్ల ముందే సీసా మూత తీసి, చిన్న గ్లాసులో గీత దాకా పోసి చూపించాను.

"అంతేనా?"

"అంతేనండి."

"టీ?"

"లేదండి. ఇంకెప్పుడూ కలపను."

అది పెద్ద గ్లాసులోకి వంపి ఇవ్వబోయాను. పాకం లేదు, ఐసు లేదు, తొక్క లేదు. ఆయన అందుకోలేదు.

"పొగ పెట్టవా?" అన్నారు.

"ఇది మందు లెక్కనండి. దీనికి పొగెందుకు?"

"పెట్టు."

విస్కీ మళ్లీ చిన్న గ్లాసులోకి వంపి, గడ్డి పరకలు నిప్పుల మీద వేసి ఊదాను. పొగ లేచింది. ఖాళీ గ్లాసు దాని మీద బోర్లించబోతే నా చెయ్యి నిలవలేదు. పొద్దుట్నుంచీ బిగపట్టుకున్నదంతా ఆ చేతిలోకే దిగినట్టుంది, గ్లాసు కుంపటి అంచుకి కొట్టుకుంటోంది. ఆయన పీట మీంచి ముందుకి జరిగి, నా చేతి మీద చెయ్యి వేసి గ్లాసు పట్టుకున్నారు. ఆయన చెయ్యీ వణుకుతూనే ఉంది. పొగ నిండేదాకా ఇద్దరం అలాగే పట్టుకుని కూర్చున్నాం.